పాలకంకి అనే ఆనవాలు

అహల్య రోజూ దీపం పెట్టే వేళకు ఒక పేరు మనసులో అనుకునేది. తొమ్మిదేళ్ళు అట్లాగే గడిచాయి. ఇప్పుడు కూడా దీపం పెడుతుంది, వత్తి ఎగదోస్తుంది, పక్కకు జరుగుతుంది. పేరు మాత్రం అనుకోదు. పదిమంది నోట్లో తిరిగిన ఆ పేరు ఎంగిలైపోయినట్టు ఉంటుంది ఆమెకు.

అరవైతొమ్మిదిలో, తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్లెక్కి బస్సులు బందైన రోజుల్లో, అహల్యకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో నాడు పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే ఎడ్లబండి కట్టుకుని మరిపెడ దాకా పోయారు. అక్కడి నుంచి పెద్ద దవాఖానకు బస్సు దొరకలేదు. మధ్యాహ్నానికి పిల్ల ప్రాణం పోయి చల్లబడింది. ఇరవై ఒకటో రోజు పేరు పెడదామనుకున్నారు కాబట్టి ఆ పిల్లకు పేరున్నట్టు ఎవరికీ తెలియదు. పిల్ల బతికున్నప్పుడు ఒక పొద్దున, చేనులో పాలు పట్టిన జొన్న కంకులు చూసి వచ్చిన భర్త జగపతి, పొత్తిళ్ళ దగ్గర వంగి “నా పాలకంకి” అన్నాడు. అది విన్నది అహల్య ఒక్కతే.

తర్వాత జగపతి మరిపెడలో ఎరువుల దుకాణం పెట్టాడు. ఇల్లు మూడు మైళ్ళ దూరం. ఏదైనా కావలసి వస్తే ఊరివైపు పోయే ఎవరో ఒకరికి చెప్పి పంపేవాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంటి ఆడమనిషి సామాను ఎట్లా ఇస్తుంది? అందుకే మా దిక్కు ఆనవాలు చెప్పి పంపడం ఉంది. మొగుడూ పెళ్ళాలకే తెలిసిన మాట ఒకటి వచ్చినవాడు చెప్పాలి. జగపతి ‘పాలకంకి’ని ఆనవాలుగా పెట్టుకున్నాడు. గొడుక్కూ అదే, మోటారుకు వేసే బెల్టు పట్టాకూ అదే, కొట్టం తాళంచెవికీ అదే. వచ్చినవాడు గడప అవతల నిలబడి ఆ మాట అన్న ప్రతిసారీ అహల్య చేతిలో పని ఆగేది. అయినా లేచి ఇచ్చేది.

ఒకనాడు పక్కింటి సత్తెమ్మ చాట పట్టుకుని వచ్చి నవ్వింది. “అహల్యక్కా, జగపతి పటేలు ఇంటి తాళంచెవి మా అందరి నోట్లనే ఉందని హోటల్ల పరాచికాలాడుతున్నరట. ఏందో పాలకంకి అంట. గదేం మాటే?”

ఆ రాత్రి అన్నం పెడుతూ అహల్య భర్తతో అంది. “ఆ మాట మార్చు. ఊరందరి నోట్ల నానుతున్నది. ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి చెప్పు. ఒకసారి చెప్పింది మళ్ళ చెప్పకు.”

“గన్ని యాదికుంటయా నాకు? దుకాణం సూసుకోవాల్నా, మాటలు అల్లుకుంట కూసోవాల్నా? ఇన్నేండ్ల సంది ఒక్క పుల్ల పోయిందా మనింట్ల?”

“పిల్ల పేరది.”

జగపతి ముద్ద కంచంలో పెట్టేశాడు. “పిల్ల పేరు గాబట్టే మరువను” అన్నాడు.

ఇంట్లో ఇనుప సందుక పెట్టె ఒకటుంది. అందులో వాళ్ళ పత్రాలతో పాటు పక్కనున్న లంబాడీ తండా రైతు బీక్యా కాగితం కూడా దాచి ఉంది. బీక్యా మూడెకరాల చేను ఊళ్ళోనే ఉండే కొండల్ తండ్రి దగ్గర కొన్నాడు. రిజిస్ట్రీ లేదు, తెల్లకాగితం మీద ఆ ముసలాయన వేలిముద్ర, అంతే. ముసలాయన పోయాక కొండల్ ఆ చేనుమీద కన్నేశాడు. తండాలో గుడిసెలు కాలుతుంటాయని బీక్యా ఆ కాగితం తెచ్చి అహల్య చేతిలో పెట్టాడు.

“అక్కా, గిదే నా బతుకు. నేనే వచ్చి అడిగితె ఇయ్యి. పటేలు పంపిండన్నా సరే, నా మొకం సూడంది ఇయ్యకు.”

“అట్లనే బీక్యా” అంది అహల్య.

డెబ్బై ఎనిమిదిలో, రోహిణి ఎండలప్పుడు, తెల్లచొక్కా మనిషి ఒకడు సైకిల్ మీద వచ్చాడు. అహల్య పిండి పిసుకుతోంది.

“అమ్మా, పటేలు, బీక్యా ఇద్దరు తహసీల్ల ఉన్నరు. సారు సంతకం పెడ్తనన్నడు. బీక్యా కాగితం జల్ది తెమ్మన్నరు.”

“ఆనవాలు?”

“పాలకంకి.”

“బీక్యా రాకపాయె?”

“వరుసల నిలవడ్డడమ్మా. పక్కకు జరిగితె మళ్ళ ఎనకకు తోస్తరు.”

బీక్యా చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. కానీ చెవిన భర్త మాట పడింది. ఆ మాట పడితే లేచి ఇవ్వడం ఏళ్ళనాటి అలవాటు. చేతులు కడుక్కుని సందుక తీసింది. కాగితం అంచుకు ఆమె తడి వేలు అంటింది. సైకిల్ మలుపు తిరిగింది.

సాయంత్రం జగపతి వచ్చి చెప్పులు విప్పుతుంటే అడిగింది. “పని అయిందా తహసీల్ల?”

“తహసీలేంది?” అన్నాడు జగపతి.

మూడో రోజు కొండల్ అరకలు బీక్యా చేనులో దిగాయి. పంచాయితీలో కొండల్ తాపీగా కూర్చుని అన్నాడు. “కాగితం సూపెట్టుమనుండ్రి, ఇప్పుడే ఇడిసిపోత. అరకలు నేనే తోల్కపోత.” జగపతి తల వంచుకున్నాడు. కొండల్ అతనికి వరుసకు అన్న.

బీక్యా అహల్యను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. దసరా దాటాక మహదేవపూర్ అడవికి వెదురు కొట్టే కూలికి పోయాడు. అక్కడే జ్వరం తగిలి చనిపోయాడు. మోసుకొచ్చేంత దగ్గర కాదని అక్కడే మట్టి చేశారు.

ఆ కబురు తెచ్చింది అతని భార్య జమ్లీ. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఒక్కటి అడుగుత అక్కా. ఆ మనిషి ఏం చెప్పిండు? ఏం చెప్తె ఇచ్చినవు?”

అహల్య చెప్పింది. “పాలకంకి.”

“అంటే ఎవలు?”

“నా బిడ్డ. తొమ్మిది రోజులే బతికింది.”

“బిడ్డ పేరు బజార్ల ఎందుకేసిన్రక్కా” అంది జమ్లీ. తర్వాత కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. వారంలో పిల్లలను తీసుకుని తండా విడిచింది.

మాఘం పోయాక కొండల్ ఇంటి నుంచి మూడు గంపల మిరపకాయ వచ్చింది. బీక్యా చేనులో తొలి కోత. జగపతి వద్దనలేకపోయాడు. “ఊళ్ళె ఉండాలె గద” అని గొణిగి వాకిట్లో పరిపించాడు. నాలుగో రోజు దుకాణానికి పోతూ ఆకాశం చూశాడు. “మబ్బు పట్టింది. చినుకు పడకముందే కాయ ఎత్తి లోపల వెయ్యి. తడిస్తె బూజు పడ్తది.”

అహల్య పొయ్యి దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం గాలి లేచింది. సత్తెమ్మ గోడమీంచి కేకేసింది. “అహల్యక్కా, వాన వస్తున్నది, కాయలు.”

గంపలు ఖాళీగా గోడకు బోర్లించి ఉన్నాయి. గడప మీద కూర్చున్న అహల్య చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మొదటి చినుకులు ఎర్రటి కాయల మీద టపటపా పడ్డాయి. సత్తెమ్మ మళ్ళీ పిలిచింది. అహల్య వింది. లేవలేదు.