రెండు మాటల ఫోల్డరు

ఆఫీసులో అందరికీ ఆమె అక్కయ్యే. భర్తకు నడుం పడిపోయాక, ఎప్పుడో వదిలేసిన జావా ప్రోగ్రామింగును మళ్లీ అందుకుని ఈ కంపెనీలో చేరింది. ఆమె జీతంతోనే ఇల్లు గడుస్తోంది. ఇవాళ పెద్దసారు ముందు తన ప్రోగ్రాం నడిస్తే ఉద్యోగం ఖాయం. నడవకపోతే ఇంటికే.

ఒక ఫొటో స్టూడియో కోసం రాసిన ప్రోగ్రాం అది. టైపు చేసిన ఆదేశాన్ని ముక్కలుగా విడదీసి, చెప్పిన పని చేసిపెడుతుంది. అక్కయ్య ముందుగా మాటల చుట్టూ పెట్టే కోట్ గుర్తులన్నీ ఏరిపారేసి, ఖాళీ కనబడ్డ చోటల్లా తెగ్గొట్టేలా రాసింది. ఒంటిమాట పేర్లున్న ఫోల్డర్లతో ఎన్నిసార్లు చూసుకున్నా చక్కగానే నడిచింది.

టీ పిన్ని ఆమె గ్లాసులో చక్కెర కాస్త ఎక్కువే వేసి ఇచ్చింది. "దేవుడున్నాడు తల్లీ, భయపడకు."

పెద్దసారు వచ్చి కూర్చున్నాడు. "నేను కొడతాలే అక్కయ్యా, మీరు చూస్తూ ఉండండి," అంటూ టీం లీడరు ప్రేమగా కీబోర్డు తనవైపు లాక్కున్నాడు. తీసెయ్ "పాత ఫొటోలు" అని కొట్టాడు.

ఆ రెండు మాటలూ కలిసి ఒక్కటే పేరని చెప్పే కోట్ గుర్తులను ప్రోగ్రాం ముందే పారేసి, రెండు వేరువేరు పేర్లనుకుంది. ‘పాత’ అనే ఫోల్డరు లేదు. ‘ఫొటోలు’ ఉంది. స్టూడియో దాచుకున్నదంతా అందులోనే. క్షణంలో తుడిచిపెట్టుకుపోయింది.

అక్కయ్య స్క్రీను మీదికి వంగి మళ్లీ మళ్లీ వెతికింది.

"కంగారేం లేదు సార్," అన్నాడు లీడరు చల్లగా. "ఇలా అవుతుందనే నిన్న కాపీ తీసిపెట్టా."

"నిన్ననే తెలుసా బాబూ? ఒక్క మాట చెప్తే దిద్దుకునేదాన్ని కదా!"

"చెయ్యి పట్టుకుని దిద్దించడానికి మీరేమైనా పలకా బలపం పిల్లా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు లేచాడు. "ఇంకొకరిని చూసుకోండి."

గది ఖాళీ అయ్యాక లీడరు ఆమె దగ్గరకొచ్చాడు. "పోతూ పోతూ అది సరిచేసి వెళ్లండి అక్కయ్యా. ఇంకెక్కడైనా అడిగితే మీ గురించి మంచిమాట చెప్తా."

పాపం, నమ్మింది. కళ్లు తుడుచుకుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ నడిచేలా మళ్లీ రాసింది. కోట్ తెరుచుకుంటే, మూసుకునేదాకా ఎన్ని ఖాళీలొచ్చినా తెగదు.

మర్నాడు ఆ కుర్చీలో లీడరు బావమరిది కూర్చున్నాడు. అదే ప్రోగ్రాం చూపించి పెద్దసారు చేత భేష్ అనిపించుకున్నాడు. అక్కయ్య గురించి వాకబు చేస్తూ ఇంకో కంపెనీవాళ్లు ఫోన్ చేశారు.

"మంచావిడేనండీ," అన్నాడు లీడరు. "కాకపోతే ఫొటోలన్నీ చెరిపేసి పోయింది."

టీ తెచ్చిన పిన్ని అది వింది. బావమరిది ముందు పెట్టిన ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకుంది. "ఇది అక్కయ్యది బాబూ. ఇంకోటి తెస్తా."

"ఎవరికోసం దాస్తావు పిన్నీ?" అన్నాడు లీడరు ఫోన్ పెట్టేస్తూ. "దాంట్లోనే పొయ్."