ఇనప కళాయిలో ఈస్టర్ గుడ్లు

గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

మాది ఈ దీవుల్లో మాయాబందర్, చేపల వ్యాపారం. మా అమ్మాయి క్రైస్తవుల అబ్బాయిని చేసుకుని డిగ్లీపూర్ వెళ్ళిపోయింది. రెండేళ్ళు నేను మాట్లాడలేదు. చివరికి నాకు కోపం కూడా పోయి, ఏమీ అనిపించకుండా అయిపోయింది. మొన్న ఈస్టర్‌కు ముందు పక్కింటి దీదీ, "వాళ్ళ పండక్కి రంగు గుడ్లు ఇచ్చుకుంటారు, గుడ్లకు రంగేసి పట్టుకెళ్ళు భయ్యా. ఉల్లి తొక్కలేసి ఉడకబెడితే ఎర్రగా వస్తాయి. ఆ వంకతో పిల్లని చూసినట్టుంటాది" అంది.

చేపల పులుసు కాచే ఇనప కళాయిలోనే ఉడికించాను. ఇనుము తగిలితే తొక్కల రసం నల్లబడుతుందని నాకేం తెలుసు? డజను గుడ్లూ బొగ్గుల్లా తేలాయి. అవే సంచిలో వేసుకుని బస్సెక్కాను.

దారిలో ఫారెస్టు గార్డు సంచి తెరిచి, "క్యా హై యే? కఛువే కా అండా?" అన్నాడు. తాబేలు గుడ్లతో దొరికితే జైలే.

"కోడి గుడ్లే సాబ్, బేటీకి" అన్నాను. ఒకటి ఒలిచి తిని, ఉప్పు తక్కువైందని చెప్పి వదిలేశాడు.

డిగ్లీపూర్‌లో అమ్మాయి తలుపు తీసింది. సంచిలోకి చూసి, "ఇవేటి నాన్నా, మాడ్చీసినావా? లోపలికి రా" అంది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. అమ్మాయి తలుపు తియ్యడం, ఆ మాట అనడం నేను కల్పించినవి. తలుపు కొట్టడానికి నాకు చెయ్యి లేవలేదు. లోపల గిన్నెల చప్పుడు కాసేపు విని, సంచి గేటుకు తగిలించి వచ్చేశాను. కోతలు కొయ్యడంలో మా జెట్టీలో నన్ను మించినవాడు లేడు. ఈ ఒక్క కోత మాత్రం పదిమందికి చెప్పినా నాకే నమ్మబుద్ధి కావడం లేదు.