హేమంత్‌కుమార్ చిన్న ఫోను, మేఘన పెద్ద ఫోను

బెంగళూరు పక్కన యలహంక పాతూరిలో ఎవరు కొత్త ఫోను కొనాలనుకున్నా ముందు హేమంత్‌కుమార్ ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. ఒకప్పుడు ఆయనకు మార్కెట్ వీధిలో ఫోటో స్టూడియో ఉండేది. మా వీధిలో పెద్దవాళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లు చాలావరకు ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక స్టూడియో మెట్లెక్కే మనిషి లేకుండా పోయాడు. అదే పనిలో ఉన్న మిగతావాళ్ళు ఫోన్లను తిట్టుకుంటూ కాలం గడిపారు. ఈయన మాత్రం తెరలూ గొడుగు లైట్లూ అడిగినవాళ్ళకు ఇచ్చేసి, తక్కువ ధరలో దొరికే ఫోను ఒకటి కొనుక్కుని, దీనితో ఏమేం తీయవచ్చో చూద్దామని వీధిలోకి బయలుదేరారు.

నేను ఆయన ఇంట్లో పై అంతస్తులో అద్దెకుంటున్నాను కాబట్టి ఆ ఫోటోలన్నీ నాకే ముందు చూపించేవారు. పూలమ్మే ఆవిడ తడి వేళ్ళ మధ్య కనకాంబరాలు. వాన వెలిసిన రోడ్డు మీద బస్సు ఎర్ర దీపాలు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరిలో సగమే కనబడే వంటమనిషి ముఖం. అంత మామూలు ఫోనులోంచి అవి ఎలా వచ్చాయో నాకు అర్థమయ్యేది కాదు.

ఆదివారం పొద్దున అరుగు మీద నలుగురు చేరితే తనకు తెలిసింది చెప్పేవారు. అందులో దాపరికం ఉండేది కాదు. ఎవరైనా ఫోటో చీకటిగా వచ్చిందని చూపిస్తే, "ఫోనును తిట్టొద్దప్పా. వెలుతురు యాడుండాదో చూసుకో" అనేవారు. ఆ మనిషి కుర్చీని వాకిలి వైపు కొంచెం జరిపించి, అదే ఫోనుతో మళ్ళీ తీయించేవారు. ముఖం వెలిగిపోయేది. చర్మాన్ని నున్నగా చేసే సదుపాయం చవక ఫోన్లలో అడక్కుండానే పనిచేస్తుంటుందని, దాన్ని ఎక్కడ ఆపాలో చూపించేవారు. "నీ అమ్మ నొసట పచ్చబొట్టు చెరిపేస్తాది అది, జాగ్రత్త" అని నవ్వేవారు.

ఆయన అన్న కూతురు మేఘన కుందలహళ్ళిలో ఉద్యోగం చేస్తుంది. ఆమె ఫోను దాన్ని తయారుచేసే కంపెనీ ఫోన్లన్నిటిలోకీ ఖరీదైనది. వచ్చినప్పుడల్లా ఏ ఫోను మేలని చిన్నాయనతో వాదన పెట్టుకునేది. ఒక ఆదివారం ఇద్దరూ పట్టుదలకు పోయి, మధ్యాహ్నం ఎండలో ఒకే చోట నిలబడి ఒకే వస్తువును రెండు ఫోన్లతో తీసుకుంటూ వీధంతా తిరిగారు. పెరుగు బండి, ముగ్గు, గోడ మీద పిల్లి. తిరిగొచ్చాక ఎవరిది ఏదో చెప్పకుండా నాకు చూపించారు. నేను చాలావాటిలో పోల్చుకోలేకపోయాను. ఒక్కచోట మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. సెల్ టవర్ మీద కూర్చున్న గద్ద. మేఘన ఫోటోలో దాని కన్ను కూడా తెలుస్తోంది. ఈయన ఫోటోలో అది మసి మరకలా ఉంది.

"గద్ద దగ్గరికి నేను నడిచిపోలేను కదమ్మా. ఆ ఒక్కటి నీదే" అని ఒప్పుకున్నారు. "మిగతా అన్నిటికీ చిన్న ఫోను చాలు. ఇంటి మనుషుల్ని తీసుకునేదానికి ఇంత పెద్దది ఏంటికి?"

ఆ మాట వీధిలో పాకింది. పక్క సందులో ఉండే అనిత ఆ మాట వినే తన సీమంతానికి ఫోటోలు తీయమని ఆయన్ను పిలిచింది. మేఘన, అనిత ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు కాబట్టి మేఘన కూడా తన ఫోనుతో వచ్చింది. వాళ్ళతోపాటు నేనూ వెళ్ళాను.

సీమంతం మిద్దె మీద పందిట్లో పట్టపగలు జరగాల్సింది. పొద్దున తీసినవన్నీ చక్కగా కుదిరాయి. కానీ చుట్టాల వ్యాను హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. వాళ్ళు వచ్చేసరికి సాయంత్రమైంది, మబ్బు కమ్మింది. గాజులు తొడిగే వేళకు వాన మొదలై, అందరూ కిందికి దిగి లోపలి గదిలో సర్దుకున్నారు. కరెంటు కూడా పోయింది. రెండు దీపపు సెమ్మెలు, మూలన ఒక చార్జింగ్ లైటు, అంతే వెలుతురు.

మొదటి గాజు అనిత అవ్వ మారెమ్మ తొడగాలి. ఆమె చేతులకు కొంతకాలంగా వణుకు పట్టుకుంది. నలుగురిలో కాఫీ తాగడం కూడా మానేసింది, ఒలుకుతుందని. ఆమె భర్త రామాంజినప్ప "ఇంకొకరు తొడుగుతారులే" అని మెల్లగా అన్నాడు.

"సుమ్నే ఉండు, నువ్వేం మాట్లాడొద్దు. నా మనవరాలికి నేనే తొడుగుతా" అంది మారెమ్మ. వణికే వేళ్ళతోనే ఆకుపచ్చ గాజును అనిత మణికట్టు మీదికి ఎక్కించింది. హేమంత్‌కుమార్ మోకాళ్ళ మీద కూర్చుని తీశారు. ఆయన భుజం మీదుగా మేఘనా తీసింది.

తర్వాత ఆయన వరండాలోకి వచ్చి ఫోను చూసుకుని అలాగే నిలబడిపోయారు. నేను పక్కకు వెళ్ళి చూశాను. అనిత ముఖం బాగానే ఉంది. మారెమ్మ చేయి ఉండాల్సిన చోట పొగలాంటి చార ఉంది. గాజు కనబడనే లేదు.

"నీది చూపించమ్మా" అన్నారు మేఘనతో.

ఆమె తటపటాయించింది. "తర్వాత చూద్దాంలే చిన్నాయనా."

"చూపించు."

అందులో అన్నీ ఉన్నాయి. ముసలి చేతి నరాలు, అరిగిన ఉంగరం, దీపం వెలుగు పడి మెరుస్తున్న గాజు అంచు. ఆయన చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో బాధ కంటే ఆశ్చర్యం ఎక్కువ కనబడింది నాకు.

"ఇదంతా ఫోను గొప్పే చిన్నాయనా, నేను చేసిందేం లేదు" అంది మేఘన.

"ఫోను గొప్పదే. వెలుతురు తక్కువుంటే నాది చాలాసేపు కన్ను తెరుచుకోని ఉండాల. అంతలో అవ్వ చెయ్యి కదిలిపోయ. నీది రెప్పపాటులో పట్టేసింది. ఈ మాట ఒప్పుకునేదానికి నాకేం నామోషీ?" అన్నారు. ఆమె ఫోను తీసుకుని తనే లోపలికి వెళ్ళి మారెమ్మ ముందు పెట్టారు.

మారెమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఇది నా చెయ్యేనా? కదలకుండా ఉండాదే!" అని భర్తను పిలిచింది. "సూడు, వణకకుండా నిలబడి ఉండాది." ఆ ఫోటో కాగితం మీద వేయించి ఇమ్మని మేఘన చేయి పట్టుకుని అడిగింది.

తర్వాతి ఆదివారం అరుగు మీద ఎవరూ అడగకముందే హేమంత్‌కుమార్ రెండు ఫోటోలూ పక్కపక్కన చూపించారు. "ఇంటి మనుషులకు చిన్న ఫోను చాలని అందరికీ చెప్పినాను. అది సగమే నిజం. చీకట్లో కదిలేవాళ్ళకు చాలదు" అన్నారు. తన తప్పును తానే ఇంత తేలిగ్గా బయటపెట్టే మనిషిని నేను పనిచేసిన ఆఫీసుల్లో ఎక్కడా చూడలేదు.

ఆ రోజు మా వీధిలోనే ఉండే సుంకన్న ఫోను కొనడానికి సలహా కోసం వచ్చాడు. "ఏది మంచిది సార్?" అన్నాడు.

"నువ్వు ఏం తీస్తావప్పా?"

"మిద్దె మీద రోజాలు సార్. పొద్దున్నే."

"ఎండ ఉంటాది, పువ్వు యాడికీ పోదు. నీకు చిన్నదే బంగారం. అదే నీ మనవరాలు స్టేజీ మీద డాన్స్ చేసేది తీయాలంటే మేఘన మాదిరి ఫోను కావాల."

అప్పట్నుంచి ఏ ఫోను కొనాలని అడిగినవాళ్ళను ఆయన ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నారు.

తన పాత ఫోను మాత్రం మార్చలేదు. అనితకు కూతురు పుట్టాక తొట్టెలలో వేసే వేడుకకు ఇద్దరినీ పిలిచారు. వాకిట్లో చుట్టాలందరినీ ఆయనే తీశారు, నీడ ఎటు పడుతుందో చూసి ఒక్కొక్కరినీ నిలబెడుతూ. లోపల తొట్టెల ఊపే వేళకు గది మసకగా ఉంది. పాప కాళ్ళు ఆడిస్తోంది. ఆయన తన ఫోను జేబులో పెట్టేశారు.

"మేఘనా, రామ్మా, ఇది నీ పని" అని పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.

ఆమె ఫోను ఎత్తింది. ఆయన ఒక్క క్షణం ఆమె వెనక నిలబడి తెర మీదికి తొంగిచూశారు. తర్వాత జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ, అవతలి గోడకున్న కిటికీ తలుపులు తెరవడానికి వెళ్ళారు.