జీపు ఆపించినవాడు

వానాకాలంలో ఒకసారి అరకు సంత నుంచి జీపులో వస్తున్నాను. ఎవరో ఒకడు ఇంకా రాలేదని గంటసేపు ఆపేశారు.

"బద్ధకస్తుడు!" అన్నాను.

పసుపు మూట ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ నావైపు వింతగా చూసింది. "ఆడ్ని నువ్వెరుగుదువేటి బాబూ? గెడ్డ పొంగినాదేమో. దాటలేకపోనాడేమో."

చివరికి వచ్చాడు. వాగు దాటినట్టే లేదు, కాళ్లు పొడిగానే ఉన్నాయి, జీలుగు కల్లు వాసన మాత్రం గుప్పుమంది. గెలిచినట్టు ఆమెవైపు చూశాను.

"సలికి రెండు సుక్కలేసుకున్నాడు పాపం," అంటూ మూట జరిపి చోటిచ్చింది.

"నీకేమవుతాడు?"

"ఏటీ అవడు."

ఆ తాగుబోతును చూసి దారంతా కుళ్లుకున్నాను. నేను ఇంటికి ఆలస్యంగా వెళ్లినా, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లినా, నా కోసం ఇంతవరకూ ఒక్కరూ ఏ గెడ్డనూ పొంగించలేదు.