వేలానికొచ్చిన జేగంట

మా మనవరాలు ఫోన్‌లో పాత వస్తువుల వేలంపాట చూపించింది. అమ్మకానికి పెట్టింది ఒక కంచు జేగంట. డైనింగ్ హాల్లో తగిలించుకుంటే ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలుచుకోవచ్చట! వీడియోలో ఎవరో దాన్ని ఖంగుమని మోగించారు. వంటింట్లో ఉన్నానేమో, నా చెయ్యి దానంతటదే పోయి స్టవ్ కట్టేసింది.

విడవలూరు పక్క సముద్రపొడ్డు పాలేల్లో నాతోపాటు పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ అరవైల్లో పాలెంలో ఎవరైనా పోతే, దాసరి జేగంట కొట్టుకుంటూ ఆ ఇంటికి వెళ్లేవాడు, గుర్తుందా? మోత చెవిన పడగానే వీధి వీధంతా పొయ్యిలు ఆర్పేసేవాళ్లు. శవం లేచేదాకా ఎవరింట్లోనూ మెతుకు ఉడికేది కాదు. ఆడవాళ్లు గడపల్లో నిలబడి, మోత ఎటు తిరుగుతుందా అని చూసేవాళ్లు.

ఒకసారి గాలివాన వచ్చిన మర్నాడు, వేటకు పోయిన నాన్న పడవ ఇంకా రాలేదు. వస్తూనే ఆకలంటాడని అమ్మ ఎసట్లో బియ్యం పోసింది. అప్పుడే జేగంట మోగింది. ఇరుగుపొరుగు పొయ్యిలన్నీ ఆరిపోయాయి. మాది మాత్రం అమ్మ ఆర్పనివ్వలేదు. గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే కూర్చుంది.

మోత మా సందులోకి తిరిగింది.

“ఇంక ఆర్పేయి పాపా,” అంది అమ్మ. “మనింటికే వస్తుండాడు.”