స్పోర్ట్స్ కారుకు మా అత్త కుట్టిన సీట్లు

నా చిన్నప్పుడు వనపర్తిలో మా వాకిట్లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాళ్లు ఉండిపోయింది. అది మాది కాదు. గద్వాలలో ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరు సారుది. వాళ్ల నాన్న కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిందట. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన మడతపెట్టే గుడ్డ టాపు, నేలకు ఆనుకున్నట్టుండే ముదురు ఆకుపచ్చ ఒళ్లు. ఇంజనూ, బయటి రంగూ సారు అప్పటికే బాగుచేయించుకున్నాడు. లోపల మాత్రం ఎలుకలు కాపురం చేసి ఖాళీ చేసి వెళ్లిన ఇల్లులా ఉండేది. సీట్ల తోలు ఎక్కడికక్కడ పగిలి, ఆ పగుళ్లలోంచి కొబ్బరిపీచు బయటికి వచ్చేది. తలుపుల లోపలి అట్టలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలేవి.

అది మా ఇంటికి రావడానికి కారణం మా తాత. బస్టాండు దగ్గరి దుకాణంలో బస్సులకు, లారీలకు, జీపులకు సీట్లు కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి. నాకు ఊహ తెలిసేసరికి దుకాణం మానేసి, పెద్ద కుట్టుమిషన్ను ఇంటి పంచలో పెట్టుకుని, మనసుకు నచ్చిన పని మాత్రమే చేసేవాడు. అప్పట్లో మా వీధిలో ఒకరిద్దరి దగ్గరే సెల్‌ఫోన్లు ఉండేవి. ఆ సారు నాలుగు చోట్ల అడిగి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

ఆ ఏడాదే మా మేనత్త కూడా మా ఇంటికి వచ్చింది. వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో పనిచేస్తుండగా ఆమె కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మిషన్లో పడి తెగిపోయాయి. మామయ్య బొంబాయిలో ఇళ్లు కట్టే పనిలో ఉండేవాడు. దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఆమె పక్కనే ఉండి, గాయం మానాక మా దగ్గర దించి, మళ్లీ పనికి వెళ్లాడు. పెళ్లికి ముందు తాత దగ్గర సీట్ల పని నేర్చుకున్నది ఇంట్లో అత్త ఒక్కతే. మా నాన్నకు అది అబ్బలేదు. అలాంటి అత్త ఇప్పుడు కుడిచేతిని కొంగులోంచి బయటికి తీసేది కాదు. అన్నం కూడా ఎవరూ చూడనప్పుడు ఎడమచేత్తో తినేది. మా అమ్మ ఆమెను చీపురు కూడా పట్టనిచ్చేది కాదు. చూడటానికి వచ్చినవాళ్లందరూ 'అయ్యో పాపం' అనేవాళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ అత్త గోడకు ఇంకాస్త జరిగి కూర్చునేది.

సారు కారు వదిలి వెళ్లిన మరునాడు పొద్దున తాత సీట్లు రెండూ ఊడదీసి వాకిట్లో పెట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత మేకులు పీకమన్నాడు. పాత కవరు కుట్లు విప్పి, ఒక్కో ముక్కనూ ఖాకీ కాగితం మీద పరిచి, దాని చుట్టూ గీత గీసి, ఆ కొలతకు కొత్త తోలు కత్తిరించాలి. తాత సుద్దముక్క పట్టుకుని గీత మొదలుపెట్టాడు. ఆ గీత పాము పాకినట్టు వంకరగా పోయింది. ఆయన తుడిచేసి మళ్లీ గీశాడు. మళ్లీ వంకరే. సూదిలో దారం ఎక్కించబోతే అది సూది పక్కనుంచి పోయింది.

"కండ్లు మసకలయితున్నయి. జర గీ గీత సక్కగున్నదా లేదా చూడు బిడ్డా," అని గుమ్మం దగ్గరున్న అత్తను పిలిచాడు.

అత్త కూర్చున్నచోటి నుంచే చూసి, బాగాలేదంది. ఎక్కడ బాగాలేదో చూపించమన్నాడు తాత. ఆమె లేచి వచ్చి ఎడమచేత్తో చూపించింది. ఆ రోజుకు అంతే. మరునాడు కాగితం జరగకుండా పట్టుకోమన్నాడు. ఆ తర్వాత సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాడు. ఎడమచేత్తో గీసిన గీతలు మొదట్లో వణికాయి. రెండు మూడు రోజులకు తిన్నగా వచ్చాయి. తాతకు చూపు పోతోందని మా అమ్మ దిగులు పడింది. దవాఖానకు తీసుకుపోదామని మా నాన్న అంటే, "పని కానియ్యి, ఆనక పోదాం" అన్నాడు తాత.

కత్తెర దగ్గరికి వచ్చేసరికి కష్టమైంది. తోలు మందంగా ఉంది. కత్తెర కుడిచేతి వాటానికి చేసింది. అత్త పళ్లు బిగపట్టి, మిగిలిన మూడు వేళ్లతో పట్టుకుని కత్తిరిస్తుంటే అది జారి, వీపు ఆనే పెద్ద ముక్క మధ్యకు చీలిపోయింది. సారు హైదరాబాద్ నుంచి ప్రత్యేకంగా తెప్పించిన తోలు అది. అత్త కత్తెర నేలకేసి కొట్టింది. "నా చెయ్యి దేనికి పనికొస్తది నాయనా? నన్నెందుకు సతాయిస్తవు?" అని ఏడుస్తూ లోపలికి పోయింది.

మా అమ్మ ఓదార్చబోయింది. తాత ఆమెను ఆపి, తానే గుమ్మం దాకా వెళ్లి గట్టిగా కేకలేశాడు. "తోలు చినిగితే చినిగింది. దాన్ని చిన్న ముక్కలకు వాడుకుంట. గాని సగం పని ఇడిసిపెట్టి పోవుడేంది? గిట్లనేనా నేను నీకు నేర్పింది? నాకా కండ్లు గనపడ్తలేవు. సారొచ్చి అడుగుతే ఏం జెప్పాలె?"

మేమంతా బిక్కచచ్చిపోయాం. దెబ్బ తగిలినప్పటి నుంచి అత్తను ఒక్క మాటన్నవాళ్లు లేరు. నాకు తాత మీద చాలా కోపం వచ్చింది. చాలాసేపటికి అత్త ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. నేల మీది కత్తెర తీసుకుంది. దాని పిడికి గుడ్డపేలిక చుట్టి, తన మూడు వేళ్లకు అనువుగా చేసుకుంది. మొదట పాత తోలు ముక్కల మీద కత్తిరించి కత్తిరించి చేయి కుదురుకున్నాక కొత్త తోలు ముట్టుకుంది. అప్పుడు చూశాను, ఆమె కుడిచేయి ఎండలో, అందరి ఎదుటా ఉంది. ఆమెకు ఆ సంగతి గుర్తున్నట్టే లేదు.

ఒక మధ్యాహ్నం నేను వీధిలో ఆడుతుంటే మడమలో తుమ్మముల్లు దిగి, కొన లోపల విరిగిపోయింది. కుంటుతూ వెళితే తాత నా కాలు ఒళ్లో పెట్టుకుని, సూది తీసుకుని, కంటికి సరిగా ఆనని ఆ కొనను ఒక్క పోటుతో పైకి లేపి తీసేశాడు. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. నాకు ఏడుపు ఆగిపోయింది.

"తాతా, నీకు కండ్లు మంచిగనే గనపడ్తున్నయి!"

ఆయన నా నోటికి చేయి అడ్డం పెట్టాడు. "మెల్లగ మాట్లాడు. నీ కాలుల ముల్లు గనపడ్తది. సీటు మీద గీత గనపడదు. తెల్సిందా?"

నాకు ఏమీ తెలియలేదు. అబద్ధమాడొద్దని నాకు చెప్పిన మనిషే ఆయన. అయినా ఆ రహస్యం నా దగ్గరే ఉంచుకున్నాను.

పని ఊపందుకుంది. తుప్పుపట్టిన స్ప్రింగులు మార్చారు. వాటి మీద గోనెపట్ట, దాని మీద కొత్త పీచు పరిచారు. తలుపుల అట్టల స్థానంలో పలుచటి ప్లైవుడ్ ముక్కలు కోసి, తోలు అతికించారు. ఇల్లంతా ఆ అతికించే సొల్యూషన్ వాసనే. మిషన్ మీద అత్త కూర్చుని తొక్కుతుంటే ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. అయ్యో పాపం అనడానికి వచ్చినవాళ్లు ఆ మాట మరిచి, కారులోకి తొంగి చూసి వెళ్లేవాళ్లు.

సారు వచ్చే రోజు పొద్దున అత్తా నేనూ సీట్లను కారులో బిగించాం. తాత పంచ చివర మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కారేమో గేటు దగ్గర ఉంది. ఉన్నట్టుండి ఆయన అరిచాడు. "డ్రైవరు సీటుకు ఎడమదిక్కు పైపింగు జర లోపలికి పోయింది, బయటికి గుంజు!"

పైపింగు అంటే సీటు అంచు వెంట కుట్టే సన్నటి గుండ్రటి తోలుపట్టీ. అత్త వంగి చూసింది. నిజమే, ఓ చోట లోపలికి పోయింది. ఆమె నిదానంగా లేచి, నడుం మీద చేయి పెట్టుకుని తాత వైపు తిరిగింది.

"కండ్లు గనపడని మనిషివి, గంత దూరం నుంచి గీ పైపింగు ఎట్ల గనపడ్డది నాయనా?"

తాత టీ గ్లాసు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ఇయ్యాల ఎండ మంచిగున్నది బిడ్డా," అన్నాడు.

అత్త నవ్వింది. ఆపుకోలేక కారు తలుపు పట్టుకుని నవ్వింది. మా ఇంటికి వచ్చాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

సారు వచ్చి సీట్లో కూర్చుని, చేత్తో తోలు నిమిరి, కుట్ల వెంట వేలు పోనిచ్చాడు. ఎవరు కుట్టారని అడిగాడు. "నా బిడ్డ," అన్నాడు తాత. కుట్టినామెకే మొదటి సవారీ అని సారు పట్టుబట్టి, అత్తను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పెబ్బేరు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. జుట్టంతా రేగిపోయి, కళ్లు మెరుస్తూ దిగింది అత్త.

కారు వెళ్లిపోయాక నేను ఆమెను అడిగాను, తాత సంగతి ఎప్పుడు తెలిసిందని.

"మొదటి దినమే," అంది. "గీత వంకర గీస్తుంటే ఆయన చెయ్యి వణకలే. వంకర గూడ నీటుగ గీసిండు మీ తాత."

"మరి ఎందుకు చెప్పలే?"

అత్త రేగిన జుట్టు ముడేసుకుంది. "కండ్లు గనపడవన్నది అబద్ధమే. నా చెయ్యి పనికొస్తదని నమ్మిండు సూడు, గది అబద్ధం గాదు. దాన్నెట్ల కాదనాలె?"

తర్వాత ఆమె మిషన్ ఊరుకోలేదు. ఆటోల సీట్లు, ట్రాక్టర్ల సీట్లు, సోఫాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మామయ్య బొంబాయి మానేసి వచ్చి ఆమె దగ్గర పని నేర్చుకున్నాడు. ఇద్దరూ నాగర్‌కర్నూలులో దుకాణం పెట్టుకున్నారు. ఇప్పటికీ నడుస్తోంది.

మా తాత ఆ రోజుల్లో ఏం చేశాడో నాకు పెద్దయ్యాకే పూర్తిగా అర్థమైంది. ఇంట్లో అందరం అత్తకు సాయం చేయాలని చూశాం. ఆయన ఒక్కడే అత్తను సాయం అడిగాడు. పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఇన్నేళ్లుగా నేను రకరకాల మనుషులను చూశాను. మార్కులు పోయి మూలన కూర్చున్న పిల్లలు, భర్త పోయి ఇల్లు కదలని తోటి టీచరు, దుకాణం మూతపడి ఎవరికీ ముఖం చూపించని పక్కింటాయన. వాళ్ల దగ్గరికి నేను ఓదార్పు మాటలతో వెళ్లను. నాకు రాని పని ఒకటి పట్టుకుని వెళ్లి, జర చూసి పెట్టమంటాను. చాలాసార్లు వాళ్లు లేచి వస్తారు. నా ఎత్తు కనిపెట్టినవాళ్లూ ఉన్నారు, అయినా లేచి వచ్చారు. ఇందులో తాతలాగా నటించాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. నాకు రాని పనులు కావలసినన్ని ఉన్నాయి.