కొమ్ములు లేని బొమ్మ

తొలివాన పడ్డాక, రైసు మిల్లులుండే మందిర్ హసౌద్ దారిలో తడిసిన ఊక బూడిద వాసన వేస్తుంది. మొన్న ఆ వాసన తగలగానే స్కూటరు పక్కకు ఆపాను. రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వెనకున్న చెరువు, గట్టు మీద కూర్చుని బొమ్మలు వేసుకునే కామేశ్వరమ్మగారు గుర్తుకొచ్చారు.

ఆవిడది విజయనగరం వైపు. భర్త గూడ్సు గార్డు. సాయంత్రాలు క్వార్టర్ల పిల్లలకూ రైసు మిల్లు కూలీల పిల్లలకూ కలిపి సంగీతం చెప్పేవారు. తన పాటలకు సరిపడే పుస్తకాలు దొరక్క, పాత క్యాలెండర్ల వెనక తానే బొమ్మలు వేసి కుట్టేవారు. పేజీకో బొమ్మ, కింద పాడుకునే ఒక్క వాక్యం. ఆ వాక్యాలు హిందీలో రాసిపెట్టే పని నాది. అప్పట్లో నేను ఒక హిందీ దినపత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. నేను రాసింది హార్మోనియం ముందు పెట్టుకుని పాడి చూసేవారు. ఊపిరి అందకపోతే కొట్టేసేవారు. “ఇది పేపర్లో ఖబర్‌లాగుంది బాబూ. పాడితే పిల్లలు నిద్రపోతారు,” అనేవారు.

ఆ ఏడు మిల్లు సేఠ్ ఊక బూడిదను చెరువులో పోయించడం మొదలుపెట్టాడు. ఎర్ర ట్రాక్టరు రోజూ వచ్చేది. ఒక మూల పూడిపోయింది, కప్పల బెకబెకలు సన్నగిల్లాయి. ఆవిడ కప్పల కచేరీ మీద ఒక పుస్తకం తలపెట్టారు. వినాయక చవితి పందిట్లో ఆ బొమ్మలను పెద్దవిగా వేసి, పిల్లలు పట్టుకుని పాడితే కాలనీ కదులుతుందని ఆశ. ఎర్ర ట్రాక్టరెక్కిన కొమ్ముల రాక్షసుడు కప్పల మీద బూడిద కుమ్మరించే పేజీ నాకు తెగ నచ్చింది.

సాధనలో ఫూల్‌మతి అనే పిల్ల ఆ పేజీ రాగానే పాట ఆపేసేది. ఎందుకని ఆవిడ దగ్గరకు తీసుకుని అడిగారు. పిల్ల తల దించుకుని, తన ఛత్తీస్‌గఢీలో, “ఓ హ మోర్ దదా ఆయ్,” అంది. ఆయన మా నాన్న, అని. ఆ ట్రాక్టరు తోలేది అతనే.

పందిట్లో పాట మర్నాడే. బొమ్మ మార్చొద్దని నేను పట్టుబట్టాను. జనానికి కోపం రాకపోతే చెరువు దక్కదన్నాను.

“కోపం నాకూ వస్తాది బాబూ. కానీ ఆ పిల్ల రేపు వాళ్ళ నాన్న పక్కన కూచుని అన్నం తినాలి కదా.”

మళ్ళీ వేశారు. ట్రాక్టరు అదే, బూడిదా అదే. దాని మీద మాత్రం తలకు తువాలు చుట్టుకుని, కప్పల పాటకు చెవి ఒగ్గిన మామూలు మనిషి. ఆ పేజీని ఫూల్‌మతే పట్టుకుని పాడింది. వెనక వరసలో నిలబడ్డ వాళ్ళ నాన్న చివరిదాకా కదల్లేదు.

మర్నాడు అతనే వచ్చి ఆవిడకు చెప్పాడు. సేఠ్ బూడిద పోయమంటే తాను పోయక తప్పదనీ, గట్టు మీద అడ్డంగా మనుషులుంటే మాత్రం ఇంజను ఆపేస్తాననీ. ఆ మాట మీద కాలనీ ఆడవాళ్ళు పిల్లలతో వెళ్ళి కూర్చున్నారు. అతను ఇంజను ఆపి దిగాడు. సేఠ్ వచ్చి అరిచాడు, పిల్లల మీదుగా ఎలా తోలమంటారని అతను అడిగాడు. కొన్నాళ్ళకు బూడిద ఇటుక బట్టీలకు పోసాగింది. పూడిన మూల అలాగే ఉండిపోయింది. మిగతా చెరువు నిలిచింది.

తర్వాత పత్రికలో ఎందరి తప్పుల గురించో రాశాను, ఇంకా రాస్తున్నాను. ప్రతిసారీ ఆ తప్పు చేసిన మనిషి పక్కన కూర్చుని అన్నం తింటున్న ఒక బిడ్డ కనిపిస్తుంది. తప్పును తగ్గించి రాయను. కొమ్ములు మాత్రం పెట్టను.